మియాటా సీట్లో ఒకటిన్నర అంగుళం

సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ మెడ వంచి విండ్‌షీల్డ్ పై ఫ్రేమ్ కిందనుంచి పైకి చూస్తే గానీ పచ్చ లైటు పడిందో లేదో నాకు తెలిసేది కాదు. రెండేళ్ళు అలాగే నడిపాను. నేను ఆరడుగుల ఒక అంగుళం, కారేమో 1992 మాజ్డా మియాటా, మొదటి తరంది. పైకప్పు మడిచి తీసేయగల గుడ్డ టాప్, అది వేస్తే తల గుడ్డకి ఆనేది, టాప్ తీస్తే విండ్‌షీల్డ్ పై అంచు సరిగ్గా కళ్ళ ఎదురుగా వచ్చేది, గాలంతా నుదుటి మీద కొట్టేది, క్లచ్ తొక్కి కాలు పైకి తీస్తుంటే ఎడమ మోకాలు స్టీరింగ్ కింద తగిలేది. డల్లాస్ నుంచి ఆస్టిన్ వెళ్ళిన రోజు మూడు గంటలకి నడుం పట్టేసి, దిగి నిటారుగా నిలబడటానికే ఐదు నిమిషాలు పట్టింది. అయినా ఆ కారంటే ప్రాణం నాకు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఈ కారు తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు, రెండే సీట్లు, 1.6 లీటర్ ఇంజిన్, బరువు టన్ను కూడా ఉండదు, 950 కిలోల చిల్లర. మాజ్డా వాళ్ళు దీని గురించి జపనీస్‌లో ఒక మాట వాడతారు, జింబా ఇట్టై అని, అంటే గుర్రం, దాని మీద కూర్చున్నవాడు ఇద్దరూ ఒకటే శరీరంలా ఉండాలని. మాట బాగుంది కానీ నా కార్లో సీటుకి ఉన్న సర్దుబాట్లు రెండే రెండు: ముందుకీ వెనక్కీ జరుగుతుంది, వీపు భాగం వాలుతుంది, అంతే. ఎత్తు మార్చే లివర్ లేదు, స్టీరింగ్ అయితే బిగించేసినట్టే, పైకి రాదు, ముందుకు రాదు. అసలు మియాటాలో స్టీరింగ్‌ని మన వైపు లాక్కునే వసతి 2019 మోడల్‌తో గానీ రాలేదు.

ఇలాంటి సీట్లో పొడుగువాళ్ళం అందరం చేసే పనే నేనూ చేశా. సీటు చివరిదాకా వెనక్కి తోసి, వీపుని ఎంత వాలితే అంత వాల్చేసి, పడక కుర్చీలో పడుకున్నట్టు కూర్చున్నా. తల కిందకి దిగింది కదా, పని అయిపోయిందనుకున్నా. కానీ అలా కూర్చుంటే చేతులు బారజాపాలి, మలుపు తిప్పేటప్పుడు భుజాలు సీటుని వదిలేసి ముందుకొస్తాయి, అప్పుడు స్టీరింగ్ తిప్పడం పోయి స్టీరింగ్ పట్టుకుని వేలాడటం మొదలవుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం బెల్టుతో. బెల్టు కింది పట్టీ తుంటి ఎముకల మీద గట్టిగా ఉండాలి, మరీ వాలి కూర్చుంటే గుద్దుకున్నప్పుడు మనిషి ఆ పట్టీ కిందనుంచి ముందుకి జారిపోతాడు, పట్టీ పొట్ట మీదకి ఎక్కుతుంది, లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఇది తెలిశాక హైవే మీద సీటు బాగా వాల్చుకుని పోయేవాళ్ళని చూస్తే భయమేస్తుంది నాకు.

నా కళ్ళు తెరిపించింది ఒక ఆటోక్రాస్ రోజు. పెద్ద పార్కింగ్ లాట్‌లో కోన్లు పెట్టి ఒక్కొక్క కారుని టైమ్ చేస్తూ తిప్పుతారు, కొత్తవాళ్ళ పక్కన ఒక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన లైన్ (మలుపులో కారు పోవాల్సిన దారి) గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ముందు సీటు సరిచెయ్యి, తర్వాత మిగతావి మాట్లాడుకుందాం అన్నాడు, పది నిమిషాలు దానికే పట్టింది. వరస ముఖ్యం అన్నాడు. నేను ఇన్నాళ్ళూ తలతో మొదలుపెట్టి కాళ్ళదాకా వచ్చేవాణ్ణి, ఆయన కిందనుంచి మొదలుపెట్టించాడు.

ముందు నడుం కింది భాగం సీటు మూలలోకి పూర్తిగా నెట్టి కూర్చోవాలి, మధ్యలో సందు ఉండకూడదు. (వెనక జేబులో పర్సు తీసేయండి, పర్సు ఉన్నవైపు తుంటి లేచి వెన్నెముక వంకరవుతుంది, ఇది ఏ కారుకైనా అంతే.) తర్వాత క్లచ్ నేలదాకా తొక్కాలి, పూర్తిగా తొక్కాక కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి, కాలు తిన్నగా కర్రలా చాపాల్సి వస్తే సీటు దూరమైనట్టు. బ్రేక్ కూడా అంతే, గట్టిగా తొక్కాల్సిన క్షణంలో మోకాలు వంగి ఉంటేనే బలం వస్తుంది, పైగా గుద్దుకుంటే తిన్నగా ఉన్న కాలు ఆ దెబ్బని నేరుగా తుంటికి చేరుస్తుంది. కాళ్ళ దూరం కుదిరాకే వీపు సంగతి. భుజాలు రెండూ సీటుకి ఆనించి ఉంచి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి, అరచెయ్యి మాత్రమే అందితే దూరం, ముంజేయి పడితే మరీ దగ్గర. అద్దాలు అన్నిటికన్నా చివర.

ఆయన చెప్పినట్టు కూర్చుంటే చేతులూ కాళ్ళూ చక్కగా కుదిరాయి. కానీ హెల్మెట్ పెట్టుకుంటే తల టాప్‌కి గుద్దుకుంది! టాప్ దించేస్తే కళ్ళు ఫ్రేమ్‌కి ఎదురుగా. అప్పుడు అర్థమైంది, నా సమస్య ముందుకీ వెనక్కీ కాదు, మొత్తం ఎత్తుదే.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తట్టదు. ఎంత పొడుగు అని అడిగి కార్లో పడతారో లేదో చెప్పేస్తారు, ఆ లెక్క తప్పు. మా బావమరిది సరిగ్గా నా అంతే పొడుగు, నా కార్లో హాయిగా కూర్చున్నాడు. వాడికి కాళ్ళు పొడుగు, నాకు మొండెం పొడుగు. పెళ్ళిలో పంక్తి భోజనాలకి కింద కూర్చుంటే వరసలో నా తల ఒక్కటే పైకి కనపడుతుంది, వాడు మిగతావాళ్ళతో సమానంగా ఉంటాడు. కాళ్ళు పొడుగున్నవాడికి సీటు వెనక్కి జరిగితే చాలు, మొండెం పొడుగున్నవాడికి సీటు కిందకి దిగాలి. స్పోర్ట్స్ కారు కొనేముందు నిలబడి కాదు, నేల మీద కూర్చుని కొలుచుకోండి.

ఎలా దించాలి మరి. సన్నటి బకెట్ సీటు కొని వేసుకోవచ్చు, నిజంగా బాగా కిందకి దిగుతుంది, కానీ నాకు పాత సీటు అంటేనే ఇష్టం, హెడ్‌రెస్ట్‌లో స్పీకర్లున్న సీటు అది. చిన్న స్టీరింగ్ వేసుకుంటే మోకాలు తగలదు అని ఇద్దరు ముగ్గురు చెప్పారు, ఆ మాట వినలేదు, ఎందుకంటే ఒరిజినల్ స్టీరింగ్ తీసేస్తే దాంట్లో ఎయిర్‌బ్యాగ్ కూడా పోతుంది, మోకాలి కోసం ఛాతీని పణంగా పెట్టడం నాకు నచ్చలేదు. మిగిలింది మియాటా వాళ్ళంతా ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పని, సీటు లోపలి ఫోమ్ కోసి పల్చన చెయ్యడం. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఫోమెక్టమీ, ఆపరేషన్ పేరులాగా.

ఒక శనివారం పొద్దున్నే గ్యారేజ్‌లో మొదలుపెట్టా. సీటుని నేలకి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు, 14 నంబర్ స్పానర్ పడుతుంది. సీటు వెనక్కి తోసి ముందు రెండూ, ముందుకి లాగి వెనక రెండూ. ముప్పై ఏళ్ళ బోల్టులు కదా, రాత్రే నూనె కొట్టి ఉంచా. సీటు పైకెత్తగానే లాగేయకూడదు, కింద వైర్లుంటాయి, వాటి కనెక్టర్లు ముందు విప్పాలి. కవర్ని ఫోమ్‌కి పట్టి ఉంచే చిన్న చిన్న ఇనప రింగులు ఒక్కొక్కటీ కత్తిరించి తీయడానికే గంట పట్టింది, వేళ్ళు పుళ్ళు పడ్డాయి. తీరా ఫోమ్ బయటికి వచ్చాక చూస్తే పసుపు రంగు తిరిగి, అంచుల్లో పొడి పొడిగా రాలుతోంది.

కోయడం పైనుంచి కాదు, కిందనుంచి. పైభాగం ఆకారం చెడగొడితే ఎగుడుదిగుడుగా తగులుతుంది. కూర్చున్నప్పుడు మన బరువంతా పడే రెండు ఎముకలుంటాయి కదా, సరిగ్గా వాటి కింద భాగం మాత్రమే మార్కర్‌తో గీసుకుని, బ్రెడ్ కోసే చాకుతో పొరలు పొరలుగా తీశా. తొడల కింద ముందు భాగం అస్సలు ముట్టుకోలేదు. నా మనసులో ఈ పని మొత్తంలో ముఖ్యమైనది ఇదే, వెనక భాగం మాత్రమే దిగితే తొడలు సీటు ముందు అంచు మీద ఆనతాయి, కాలి బరువు సీటు మోస్తుంది, నడుం మీద భారం తగ్గుతుంది. అర అంగుళం తీసి, మళ్ళీ సీటు కార్లో పెట్టి కూర్చుని చూసి, మళ్ళీ తీసి, ఇలా మూడుసార్లు. కోసింది అతికించడం కష్టం కాబట్టి తొందరపడలేదు. మొత్తం ఒకటిన్నర అంగుళం దగ్గర ఆపేశా, ఇంకా తీయొచ్చు కానీ ఎముక ఇనుముకి తగిలే దాకా పోతే గుంత పడ్డ రోడ్డు మీద వెన్ను విరుగుతుంది.

ఒక్క హెచ్చరిక. ఇది నా పాత కారు కాబట్టి చేశా, దాని సీట్లో ఎలక్ట్రానిక్స్ అంటే స్పీకర్లూ బెల్టు స్విచ్చూ లాంటివే. కొత్త కార్లలో సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్‌లుంటాయి, మనిషి కూర్చున్నాడా లేదా చూసే సెన్సర్లు కుషన్ లోపలే ఉంటాయి, వాటి మీద చాకు పెట్టకండి.

ఒకటిన్నర అంగుళం అంటే బొటనవేలంత కూడా ఉండదు. కానీ మొదటి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మెడ వంచకుండానే ఎర్ర లైటు కనపడింది, నాకు నిజంగా గొంతు పట్టేసినట్టయింది, రెండేళ్ళ తర్వాత! మోకాలికి స్టీరింగ్‌కి మధ్య ఇప్పుడు రెండు వేళ్ళు పడతాయి. తల పైన టాప్ వేసినా అరచెయ్యి పెట్టేంత సందు ఉంది. వీపు నిటారుగా లేపుకుని కూర్చోగలుగుతున్నా కాబట్టి చేతులు దగ్గరకొచ్చాయి, భుజాలు సీటుని వదలట్లేదు. కారు కూడా వేరే కారులా అనిపించింది. నా బరువు 84 కిలోలు, కారు బరువులో తొమ్మిదో వంతు కాకపోయినా నూటికి తొమ్మిది వంతుల దగ్గర నేనే ఉన్నా, అంత బరువు కొంచెం కిందకి దిగి సీటులో ఇమిడిపోతే మలుపులో ఊగడం తగ్గుతుంది, వెనక చక్రం జారడం మొదలైతే కంటికన్నా ముందు తుంటికి తెలుస్తుంది. ఇదివరకు సీటు పైన కూర్చున్నా, ఇప్పుడు సీటు లోపల కూర్చున్నా. ట్రాక్ మీదకి టాప్ లేని కారు తీసుకెళ్ళాలంటే రోల్ బార్ (కారు బోల్తా పడితే తలని కాపాడటానికి సీట్ల వెనక ఉండే ఇనప కమ్మీ) పైనుంచి విండ్‌షీల్డ్ పైఅంచుకి చీపురుకర్ర ఒకటి ఆనించి, హెల్మెట్ దానికి తగలకుండా ఉందా అని చూస్తారు చాలాచోట్ల, అది కూడా ఇంట్లో మా ఆవిడ చేత కర్ర పట్టించి చూసుకున్నా, సందు వచ్చింది.

కర్ర కింద పెట్టి తను అడిగింది, "మరి నేనెలా నడపాలి ఇప్పుడు?" అని. నిజమే, తను ఐదడుగుల రెండు, అదే సీటు. నాకు దిగిన ఒకటిన్నర అంగుళం తనకి మునిగిపోయినట్టు, డాష్‌బోర్డ్ మీదుగా బానెట్ కనపడదు. క్లచ్ పూర్తిగా అందాలంటే సీటు బాగా ముందుకి రావాలి, స్టీరింగ్ కదలదు కాబట్టి ఛాతీ దానికి దగ్గరైపోతుంది. అమెరికా రోడ్డు సేఫ్టీ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చెప్పేది స్టీరింగ్ మధ్యభాగానికి ఛాతీ ఎముకకి కనీసం 10 అంగుళాల దూరం ఉండాలని, ఎందుకంటే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే మొదటి క్షణంలోనే దాని దెబ్బ ఎక్కువ. టేపు పెట్టి కొలిస్తే తనకి తొమ్మిదే వచ్చింది. నా సౌకర్యం కోసం కోసిన సీటు తనకి ప్రమాదం కాకూడదు కదా. ఆ ఆదివారమంతా దాని మీదే కూర్చున్నాం. వీపు ఒక మెట్టు వాల్చితే పదిన్నర వచ్చింది, అప్పుడు చూపు ఇంకా కిందకి పోయింది, దానికి గట్టి ఫోమ్ షీటు కొని గుంత ఆకారంలో కోసి, గుడ్డ కుట్టించి, కింద వెల్‌క్రో పట్టీలు పెట్టి సీటుకి అతుక్కునేలా చేశాం. దిండు ఊరికే వేసుకుని కూర్చోకూడదు, మెత్తటి దిండు బ్రేక్ కొట్టగానే అణిగి జారుతుంది, మనిషీ దానితోపాటు ముందుకి జారుతుంది. తను నడిపే రోజు ఆ ముక్క పెట్టుకుంటుంది, నేను ఎక్కేటప్పుడు తీసి వెనక పెడతా. సీటు పట్టాల పక్కన రెండు గీతలు గీసుకున్నాం, ఆకుపచ్చ తనది, తెల్లది నాది, వెతుక్కోకుండా జరిపేసుకుంటాం.

పోయిన అక్టోబర్‌లో మా నాన్న తెనాలి నుంచి వచ్చారు. ఆయన జీవితమంతా నడిపింది అంబాసిడర్, ముందు సీటు బల్లలాగా ఒకే ముక్క, జరిపితే పక్కనున్నవాళ్ళు కూడా జరగాల్సిందే, గేరు స్టీరింగ్ పక్కన. ఎత్తుగా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని నడిపేవారు. మోకాళ్ళ నొప్పులున్నాయి, ఈ కార్లోకి ఎక్కడం కాదు దిగడమే, కాబట్టి ముందు సీటు చివరిదాకా వెనక్కి జరిపి, డోర్‌కి వీపు తిప్పి పిరుదులు సీటు మీద ఆనించి కూర్చోబెట్టి, తర్వాత రెండు కాళ్ళూ కలిపి లోపలికి తిప్పమన్నా. టాప్ మడిచి ఉంటేనే ఇది వీలు, తల వంచక్కర్లేదు. కూర్చున్నాక సీటు ముందుకి జరిపి, పాదాలు నేలకి ఆనుతున్నాయా, బెల్టు తుంటి మీదే ఉందా చూసి, వీపు ఒక మెట్టు లేపా. ఇదంతా చేస్తున్నంతసేపూ ఆయన ఏం మాట్లాడలేదు, కుదురుగా కూర్చున్నారు.

నేను వచ్చి నా సీట్లో కూర్చున్నా. పక్క సీటు ఫోమ్ నేనేం కోయలేదు, అది కంపెనీ ఇచ్చినట్టే ఉంది. నాన్న నా వైపు తిరిగి చూసి, ఒక్క క్షణం ఆగి, "ఏరా, ఇంటర్ తర్వాత ఇదే, నీ తల నాకు కింద కనపడటం" అన్నారు. వీధి చివరి సిగ్నల్ దాకా నవ్వుతూనే ఉన్నారు.