కొన్న రిసీవర్, చుట్టిన కాయిల్

అమెచ్యూర్ రేడియోలో, అంటే లైసెన్సు పొందిన ఔత్సాహికులు తమలో తాము మాట్లాడుకునే రేడియోలో, సంభాషణలు వినదలచినవారు రిసీవర్ కొనుక్కోవాలా, సొంతంగా తయారు చేసుకోవాలా అని అడుగుతుంటారు. నా సమాధానం కొంత విడ్డూరంగా తోచవచ్చు: సొంతంగా తయారు చేయాలన్న పట్టుదల ఉన్నవారే ముందుగా ఒకటి కొనుక్కోవాలి.

నేను తలకిందులుగా మొదలుపెట్టాను. 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ పైన ఔత్సాహికులు వాడే ఫ్రీక్వెన్సీల వరుస) వినడానికి ఎస్‌ఏ602 మిక్సర్ చిప్, ఎల్‌ఎం386 యాంప్లిఫయర్‌లతో ఒక డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్ కట్టాను. యాంటెనా నుంచి వచ్చే సిగ్నల్‌ను దాదాపు అదే ఫ్రీక్వెన్సీలో నడిచే ఆసిలేటర్‌తో (సొంతంగా తరంగాన్ని పుట్టించే సర్క్యూట్‌తో) కలిపి, రెండింటి తేడాను నేరుగా చెవికి వినిపించే ధ్వనిగా మార్చే పద్ధతి ఇది కనుక భాగాలు తక్కువ, పని సులువు. కనీసం కాగితం మీద. తీరా హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బుస్సుమనే హోరు తప్ప మరేమీ లేదు. తప్పు సోల్డర్ అతుకుల్లో ఉందో, చిప్‌లో ఉందో, లేక ఆ వేళ బ్యాండులోనే ఎవరూ లేరో తేల్చుకునే దారి లేక, బాగున్న అతుకులను కూడా మళ్ళీ మళ్ళీ కాచి రెండు పాడుచేశాను.

చివరికి ఎస్‌ఎస్‌బీ (ఔత్సాహికులు మాటలు పంపడానికి వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతి) వినగల షార్ట్‌వేవ్ రిసీవర్ ఒకటి కొని, దాన్ని నా బోర్డు పక్కన పెట్టి నాబ్ తిప్పుతూ వెళ్ళాను. 6.6 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నని ఈల వినిపించింది. నా బోర్డు మీద ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని నిర్ణయించే కాయిల్ దగ్గరికి చేయి తీసుకువెళ్తే ఈల శ్రుతి మారుతోంది. అంటే అది నా ఆసిలేటరే! బ్యాండు 7 మెగాహెర్ట్జ్ పైన మొదలవుతుంటే నేను దానికి ఎంతో కింద కూర్చుని ఎదురుచూస్తున్నానన్నమాట. కాయిల్ ఇండక్టెన్స్ చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది, అది తగ్గితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది కాబట్టి, 30 చుట్లలో రెండు విప్పితే సరిపోయింది. ఆ రాత్రే మోర్స్ సంకేతాలు వినిపించాయి.

చవకగా దొరికే ఎస్‌డీఆర్ డోంగిల్‌తో (కంప్యూటర్‌కు తగిలించి, సాఫ్ట్‌వేర్‌తో నడిపే చిన్న రిసీవర్‌తో) సరిపెట్టుకోవచ్చు కదా అనవచ్చు. డిజిటల్ టీవీ కోసం పుట్టిన ఆ డోంగిల్‌లోని ఆర్820టీ ట్యూనర్ సుమారు 24 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కనుక, అంతకన్నా కింద ఉండే షార్ట్‌వేవ్‌కు, సిగ్నల్‌ను పై ఫ్రీక్వెన్సీకి మార్చే అప్‌కన్వర్టర్ గాని, ట్యూనర్‌ను దాటవేసి సిగ్నల్‌ను నేరుగా అంకెలుగా మార్చే డైరెక్ట్ శాంప్లింగ్ సదుపాయం గాని తప్పనిసరి.

యాంటెనా విషయంలో మాత్రం నాకు రెండో మాట లేదు, అది సొంతంగా కట్టుకోవలసిందే. 143ను మెగాహెర్ట్జ్‌లోని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి, రెండు వైపులా సమానంగా తీగ చాచిన యాంటెనా) పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కి సుమారు 20 మీటర్లు, అంటే పది పది మీటర్ల రెండు తీగలు. వినడానికే అయితే ఓ జానెడు తేడా వచ్చినా నష్టం లేదు. ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు వెదజల్లే రొదకు దూరంగా, ఆరుబయట కట్టడమే ముఖ్యం.

నా రిసీవర్ ఇప్పటికీ ఆన్ చేసిన మొదటి పావుగంట ఫ్రీక్వెన్సీ జారుతూనే ఉంటుంది, మాట్లాడేవారి గొంతు మెల్లగా బాతు కూతలోకి దిగుతుంది. కాయిల్ మీద మైనం పోస్తే కొంత నిలకడ వచ్చింది. ఇక ఆసిలేటర్‌లోని కెపాసిటర్లు తీసి, వేడికి విలువ మారని ఎన్‌పీ0 రకం పెట్టాలి.