డాలు మీది మూడు సింహాలు తెలుగులోకి వచ్చిన వైనం

పిల్లల కోసం రాసిన ఒక ఇంగ్లండు చరిత్ర పుస్తకాన్ని తెలుగు చేస్తూ, రాజచిహ్నాన్ని వర్ణించే ఒక్క వాక్యం దగ్గర నాలుగు రోజులు ఆగిపోయాను. "గ్యూల్స్, త్రీ లయన్స్ పాసెంట్ గార్డెంట్ ఇన్ పేల్ ఓర్." చివరి మాటను 'లేదా' అని చదివి, తరువాత రావలసినదేదో అచ్చులో ఎగిరిపోయిందనుకున్నాను. నిఘంటువులు తిరగేస్తే అది ఫ్రెంచి మాటని, బంగారు రంగని తేలింది. గ్యూల్స్ ఎరుపు, అజ్యూర్ నీలం, సేబుల్ నలుపు, ఆర్జెంట్ వెండి. డాళ్ల మీది చిహ్నాలను కూర్చే, వర్ణించే ఈ విద్యలో (ఇంగ్లీషులో హెరాల్డ్రీ) బంగారం, వెండి లోహాల లెక్కలోకి వస్తాయి. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదు, దూరం నుంచి గుర్తుపట్టలేరు. వెండి డాలు మీద బంగారు శిలువలున్న జెరూసలేం రాజ్యపు చిహ్నం దీనికి పేరుమోసిన మినహాయింపు.

అర్థాలు దొరికినా బొమ్మతో పొంతన కుదరలేదు. పుస్తకంలోది నలుపు తెలుపు బొమ్మ. డాలు నిండా ఉన్న నిలువు గీతలు చిత్రకారుడు వేసిన నీడలని అనుకున్నాను. నిజానికి అవి ఎరుపుకు గుర్తు, చుక్కలు బంగారానికి, అడ్డగీతలు నీలానికి. 1638లో పెత్రా సాంక్తా అనే జెస్యూట్ మతగురువు రాసిన గ్రంథంతో ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

అసలు చిక్కు కుడి ఎడమల దగ్గర వచ్చింది. సింహాల నడకకు నిఘంటువుల వివరణలో కుడి అన్నది బొమ్మలో నా ఎడమవైపు ఉంది. తప్పు అచ్చయిందనుకుని దిద్దబోయి, తిరుమల శ్రీనివాసుడు గుర్తొచ్చి ఆగాను. చక్రం స్వామి కుడిచేతిలో ఉందంటాం, చూసే మనకు అది ఎడమవైపు కనిపిస్తుంది. డాలుకూ అంతే, దాన్ని పట్టుకున్నవాడి కుడే కుడి.

చిహ్నంలోని బొమ్మకు ఏ మాట వాడాలన్నది మాత్రం వెంటనే తేలింది. చాళుక్యుల వరాహ లాంఛనం మనకు ఉండగా కొత్త మాట ఎందుకు? శిరస్త్రాణం పైన నిలిపే క్రెస్టుకు 'శిఖ' అన్నాను. మొత్తం చిహ్నాన్నే క్రెస్టు అనడం చాలామంది చేసే పొరపాటు.

చివరికి ఇలా రాశాను: "ఎర్రని డాలు మీద, ఒకదాని కింద ఒకటిగా, కుడి ముందుకాలు ఎత్తి నడుస్తూ మనవైపు ముఖం తిప్పిన మూడు బంగారు సింహాలు." ఇంగ్లీషులో దిక్కు చెప్పరు, వేరే మాట లేకపోతే మృగం కుడివైపుకే నడుస్తుందని వాళ్లకు తెలుసు. మన పిల్లలకు తెలియదు కాబట్టి "డాలు పట్టినవారి కుడివైపుకు" అని చేర్చాను.

ఆ చిహ్నాన్ని ఎన్నడూ చూడని మా అక్క కూతురికి ఈ వాక్యం ఇచ్చి బొమ్మ వేయమన్నాను. తన సింహాలకు జూలు ఎక్కువ, తోకలు పొట్టి. అయినా ఈ విద్యలో అది దోషం కాదు, వర్ణనకు లోబడినంతవరకు గీత చిత్రకారుడి ఇష్టం. మూడూ ఒకదాని కింద ఒకటి నిలిచి, కాగితం మీద ఎడమవైపుకు నడుస్తున్నాయి. ఆ సాయంత్రమే ఆ పేజీని ప్రచురణకర్తకు పంపాను.