మైకు పట్టిన ఏడో నంబరు

చెడుగుడు ఆడి పెరిగినవాడికి రగ్బీ లీగ్ అర్థం కావడానికి ఒక్క మ్యాచ్ చాలు. జట్టుకి 13 మంది. బంతి పట్టుకుని దూసుకెళ్తుంటే ఎదుటివాళ్లు ఒడిసిపట్టి కింద పడేస్తారు. లేచి, బంతిని కాలితో వెనక్కి నెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆరోసారి కూడా పట్టుబడితే బంతి అవతలివాళ్లకి పోతుంది. చేత్తో ముందుకి విసరకూడదు. అవతలి గీత దాటి బంతిని నేలకి తాకిస్తే 4 పాయింట్లు. ఉద్యోగానికి సిడ్నీ వచ్చి, మనవాళ్లు ఎక్కువగా ఉండే వెంట్‌వర్త్‌విల్‌లో కాపురం పెట్టాక, శుక్రవారం రాత్రుళ్లు టీవీలో ఈ ఆట చూడటం నాకు అలవాటైంది. మా ఆవిడ మాత్రం దీన్ని ఇప్పటికీ కొట్లాట అనే అంటుంది.

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని మనవాళ్లు ఫోన్ చేసినప్పుడు నాకు వెంటనే తట్టిన మనిషి పీటర్ స్టెర్లింగ్. మా పక్క ఊరు పారమట్టా జట్టుకి ఒకప్పుడు హాఫ్‌బ్యాక్. అంటే ఏడో నంబరు చొక్కా వేసుకుని, బంతి ఎప్పుడు ఎటు పోవాలో నిర్ణయించేవాడు. 1947లో లీగ్‌లో చేరిన ఆ జట్టు మొదటిసారి కప్పు కొట్టింది 1981లో. ఆ రాత్రి అభిమానులు పట్టలేని సంతోషంతో తమ సొంత మైదానం కంబర్‌లాండ్ ఓవల్‌లోని స్టాండ్‌నే తగలబెట్టేశారు! తర్వాత 1982, 1983, 1986లో కూడా గెలిచారు. ఆ నాలుగుసార్లూ స్టెర్లింగ్ ఉన్నాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా మళ్లీ కప్పు రాలేదు. మా వీధిలోని పెద్దవాళ్లు ఆ పేరు ఎత్తగానే కళ్లు చెమర్చుకునేది అందుకే.

1985లో ఇంగ్లండ్‌లోని హల్ జట్టు తరఫున వెంబ్లీలో చాలెంజ్ కప్ ఫైనల్ ఆడాడు. ఎదురుగా విగాన్ జట్టులో ఉన్నది పారమట్టాలో తన పక్కనే ఆడే బ్రెట్ కెన్నీ. విగాన్ 28-24తో గెలిచింది. ఆ మ్యాచ్ గురించి ఇంగ్లండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1992లో భుజం గాయం ఆయన ఆటని ఆపేసింది. భుజం పోయినా ఆటని చదివే కన్ను ఎక్కడికీ పోలేదు. చానల్ నైన్‌లో చేరి 2021 ఫైనల్ దాకా వ్యాఖ్యానం చేశాడు. అక్కడ ఆయన పక్కన ఎక్కువగా కూర్చున్నది రే వారెన్. వారెన్ పేరున్న ఆటగాడేం కాదు. చిన్నప్పుడు జూనీ అనే ఊళ్లో గోళీలు దొర్లించి, వాటినే గుర్రాలనుకుని పందెం కామెంటరీ చెబుతూ నేర్చుకున్నాడు. బంతి ఎవరి చేతిలో ఉంది, ఎవరు పడ్డారు, ఎవరు గీత దాటారు అన్నది వారెన్ పని. ఎందుకు దాటగలిగారు అన్నది స్టెర్లింగ్ పని. రీప్లేలో మనం బంతినే చూస్తుంటాం. ఆయన బంతిని వదిలేసి, దానికి దూరంగా ఒక అడుగు ముందుకేసి చోటు ఖాళీ చేసిన డిఫెండర్‌ని చూపించేవాడు. తను బాగా ఆడిన రోజుల గురించి డప్పు కొట్టుకోవడం నేనైతే వినలేదు. మాజీ ఆటగాళ్లలో ఇది అరుదు, మన క్రికెట్ చానళ్లు చూసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన మాట్లాడుతుంటే నాకు మన డ్రిల్ మాస్టారే గుర్తొచ్చేవారు. జిల్లా స్థాయిలో చెడుగుడు ఆడి, మోకాలు దెబ్బతిని మన బడికి వచ్చారు కదా. వార్షికోత్సవం ఆటల పోటీల్లో మైకు ఆయన చేతికే ఇచ్చేవారు. చింతచెట్టుకి కట్టిన గొట్టం మైకులోంచి ఆయన గొంతు ఊరంతా వినపడేది. పదో తరగతికీ తొమ్మిదికీ ఫైనల్ జరిగిన ఏడాది గుర్తుందా? మనవాడు కూతకి వెళ్లాడు. "ఎడమ మూలవాడి మడమ లేచింది, ఇప్పుడు చీలమండ పట్టేస్తాడు చూడండి" అన్నారు మాస్టారు. అది విన్న మనవాడు ఠక్కున కాలు వెనక్కి లాక్కుని, అటు తిరిగి ఇంకొకణ్ణి తాకి వచ్చేశాడు. తొమ్మిదో తరగతివాళ్లు ఒకటే గోల. "మాస్టారూ, మీరు చెప్తున్నది జనానికా, వాళ్లకా?" అని. మాస్టారు మైకు చేత్తో మూసి నవ్వారు గానీ నవ్వు కూడా మైకులో వినపడింది. టీవీ వ్యాఖ్యాతలకి ఈ ఇబ్బంది లేదు, మైదానంలో ఉన్నవాళ్లకి వాళ్ల మాట చేరదు.

ఈసారి కలిసినప్పుడు ఆటల పోటీలు కూడా పెడతామంటున్నారు. మైకు ముఖ్య అతిథి దగ్గర పది నిమిషాలకి మించి ఉంచకండని కమిటీకి నా మనవి. ఆ ఏడాది కాలు లాక్కున్నవాణ్ణే పిలిచి కూర్చోబెట్టండి. వాడికి ఇప్పుడు పొట్ట వచ్చినా ఆట తెలుసు. పక్కన స్కోరు చెప్పడానికి మాత్రం ఇంకొకరిని పెట్టండి. వాడి లెక్కల సంగతి మనందరికీ తెలిసిందేగా.