మా బాపును ఎవరూ భాష అడగలేదు

మా బాపు ఇరవై రెండేళ్లు దుబాయ్‌లో సెంట్రింగ్ పని చేశాడు. అక్కడి అధికార భాష అరబ్బీ అని రాజ్యాంగంలోనే ఉంది. క్యాంపులో, సైటులో నడిచేది మాత్రం హిందీ. "అరబ్బీ రాకున్నా నన్ను ఎవ్వలేమనలే బిడ్డా" అని సంబరంగా చెప్పేవాడు. నాకూ అది ఆ దేశం మంచితనమే అనిపించేది.

నర్సుగా జర్మనీ వచ్చాక ఆ మాట వేరేలా వినబడుతోంది. ఇక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష పాసవ్వాలి. హైదరాబాద్‌లో నెలల తరబడి మాటమాటకూ ముందొచ్చే డెర్, డీ, డస్ బట్టీపట్టి పాసయ్యాను. తీరా వార్డులో అడుగుపెడితే ముసలివాళ్ల యాస సగం అర్థం కాలేదు. జర్మన్ అధికార భాష అని ఇక్కడి రాజ్యాంగంలో లేదు. ప్రభుత్వ ఆఫీసుల భాష జర్మన్ అని పాలనా చట్టంలో ఒక్క ముక్క ఉంది. వీసా ఆఫీసు ఉత్తరమైనా, పన్ను నోటీసైనా ఆ భాషలోనే వస్తుంది.

ఒక నైట్ డ్యూటీలో ఎనభై దాటిన టర్కీ పెద్దమ్మ "సు, సు" అంటూనే ఉంది. నొప్పేమోనని మందు చూశాను, దుప్పటి సర్దాను. తెల్లారాక కూతురొచ్చి చెప్పింది, సు అంటే నీళ్లని.

పెద్దమ్మ ఫ్యాక్టరీ పనికి వచ్చిన తరం మనిషి. జర్మనీ, టర్కీల 1961 ఒప్పందంలో టర్కీవాళ్లను మొదట రెండేళ్లకే పిలిచారు. తిరిగిపోయేవాళ్లకు భాషెందుకనుకున్నారు. దేశమంతటా 600 గంటల జర్మన్ తరగతులు సర్కారు పెట్టింది 2005లో. అప్పటికి ఆమె పని మానేసి ఇంట్లో ఉంది. వచ్చిన కాస్త జర్మన్ కూడా మతిమరుపులో పోయింది.

ఆ పొద్దున బాపు గుర్తొచ్చాడు. ఆయన్ని అరబ్బీ అడగకపోవడం దయ కాదు. ఆయన అక్కడే ఉండిపోవాలని ఎవరూ అనుకోలేదు.

అందుకే నన్ను జర్మన్ అడిగితే నాకు కోపం లేదు. అడిగే దేశమే నేర్పాలి, డ్యూటీలోంచి సమయమిచ్చి నేర్పాలి. అయినా రోగి మంచం దగ్గర, భాష రావాల్సిందేనన్న నియమం పనికిరాదు. ఇక్కడ క్రిమినల్ కోర్టులో నిందితుడికి దుబాసీ ఉచితం. ఆసుపత్రిలో విదేశీ భాషల దుబాసీకి ప్రభుత్వ ఆరోగ్య బీమా డబ్బివ్వదు. తల్లి జబ్బేమిటో డాక్టరుకు కూతురే చెప్పాలి, చెప్పుకోలేని సంగతులతో సహా.

ఇప్పుడు నా జేబులో ఒక చీటీ ఉంటుంది. నీళ్లు, నొప్పి, బాత్రూం, టర్కిష్‌లో, రష్యన్‌లో, అరబ్బీలో. అరబ్బీలో నీళ్లను మాయ్ అంటారని ఫోన్‌లో బాపే చెప్పాడు. ఎండలో అడుగుతూ అడుగుతూ వచ్చిన మాటట.