సెంట్రల్ పక్కన ఎర్ర ఇటుకల టౌన్‌హాలు

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి పూందమల్లి హైరోడ్డు మీదికి వచ్చినవారి చూపు సాధారణంగా తెల్లగా మెరిసే రిప్పన్ బిల్డింగు మీదికే పోతుంది. స్టేషనుకూ ఆ తెల్లభవనానికీ నడుమ ఎర్ర ఇటుకలతో నిలబడిన విక్టోరియా పబ్లిక్ హాలును గమనించేవారు తక్కువ. విజయనగరం నుంచి బయలుదేరిన నాకు మాత్రం ఈసారి ప్రయాణానికి అదే ముఖ్య కారణం, ఎందుకంటే 1883 డిసెంబరు 17న దానికి శంకుస్థాపన చేసినవారు మా ఊరి మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. గురజాడను ఆదరించిన ప్రభువుగా ఆయనను మా వైపు అందరూ తలచుకుంటారు గాని, మద్రాసు పౌరులకొక టౌన్‌హాలు ఉండాలని విరాళమిచ్చిన వారిలో ఆయన ముందువరుసలో ఉన్నారన్న సంగతి మా ఊళ్ళోనే చాలామందికి తెలియదు.

పురసవాక్కంలో స్థిరపడిన మా మేనమామ రిటైరైన సివిల్ ఇంజనీరు. ఆయన వెంట రావడం నా అదృష్టం. మేము వెళ్ళిన నాటికి మరమ్మతులు సాగుతుండడంతో లోపలికి అడుగుపెట్టే వీలు లేకపోయింది. కింద ఒకటి, పైన ఒకటిగా ఒక్కొక్కటి సుమారు 600 మంది పట్టే రెండు హాళ్ళున్నాయని విన్నాను గాని, నేను చూసింది బయటి గోడలనూ, వరండాల కమానులనూ, గోపురాన్నీ మాత్రమే. నిజానికి ఈ భవనం విషయంలో అది పెద్ద లోటేమీ కాదు. పక్కనే 1913లో పూర్తయిన రిప్పన్ బిల్డింగులోనూ ఇటుకే ఉంది, కాని తెల్లటి పూత దానిని దాచేసింది. ఇక్కడ పూత లేదు. తాపీమేస్త్రీ చెయ్యి ఎక్కడ నిలకడగా సాగిందో, ఎక్కడ తడబడిందో గోడే చెబుతుంది.

హాలుకు నమూనా గీసినవాడు రాబర్ట్ చిషోమ్. మెరీనా ఒడ్డున సెనేట్ హౌస్ కూడా ఆయనదే. కట్టించినది తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మద్రాసు హైకోర్టు, కన్నెమరా గ్రంథాలయం వంటి ఎర్రభవనాలెన్నో ఆయన కాంట్రాక్టులే. నమూనా గీసిన దొర పేరు ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది, కాంట్రాక్టరు పేరు కొన్నింటిలో కనిపిస్తుంది, ఇటుక పేర్చిన మేస్త్రీల పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు. 1888లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవం పేరిట హాలుకు ఆమె పేరు పెట్టారు. శంకుస్థాపనకూ పేరుకూ మధ్య అన్నేళ్ళ జాప్యాన్ని చూస్తే, చందాలతో కట్టే భవనాల కథ ఆ రోజుల్లోనూ ఇంతేనని నవ్వొచ్చింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది గోపురం. చతురస్రాకారపు ఇటుక గోపురం ఐరోపా పద్ధతిలో పైకి లేస్తుంది, తీరా దాని నెత్తిన చూస్తే తిరువాన్కూరు తరహా కోణాకారపు కప్పు కూర్చుని ఉంటుంది. తిరువనంతపురంలోని నేపియర్ మ్యూజియం కూడా చిషోమ్ కట్టడమేనని తెలిసినవారికి ఆ కప్పు ఎక్కడిదో వెంటనే అర్థమవుతుంది. కుంభవృష్టిని క్షణాల్లో కిందికి జార్చే మలబారు వాలుకప్పును ఆయన అక్కడ శ్రద్ధగా నేర్చుకుని, మద్రాసులో తన ఇటుక గోపురానికి తొడిగాడు. ఇంత అతుకుల వ్యవహారం ఎబ్బెట్టుగా ఉండాలి. గోడల్లోని ఎరుపే అన్నింటినీ కలిపి పట్టుకోవడం వల్ల కాబోలు, అలా అనిపించదు. కప్పు కింద అరబ్బీ రాతను తలపించే మట్టి అలంకారపు పట్టీ మాత్రం కొంచెం అతిగా తోచింది.

మావయ్య ఒక మూల గోడ దగ్గర ఆగి, "ఇలా రామ్మా, ఈ దర్జు చూడు," అన్నారు. దర్జు అంటే రెండిటుకల మధ్య నింపిన సందు. అందులోని సున్నం బూడిదరంగు తిరిగి, గోటితో గీస్తే కొద్దిగా రాలింది. దాని పక్కన ఏ కాలంలోనో ఎవరో సిమెంటుతో పూడ్చిన దర్జు రాయిలా గట్టిగా ఉంది. చిత్రమేమిటంటే, పాడైన ఇటుకలన్నీ ఆ గట్టి దర్జు చుట్టూనే ఉన్నాయి. వాటి ముఖం ఉల్లిపొరలా పెచ్చులూడి, లోపలి నారింజరంగు బయటపడి, అంచుల్లో తెల్లగా ఉప్పు పూసింది. డంగు సున్నం గోడలోని చెమ్మను తనగుండా బయటికి వదులుతుందని, సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ ఇటుకలోంచే బయటపడవలసి వస్తుందని, నీరు ఆరిపోయినప్పుడు దానిలోని ఉప్పు ఇటుక రంధ్రాల్లోనే గడ్డకట్టి ముఖాన్ని తోసేస్తుందని ఆయన వివరించారు. "గోడలో దర్జు ఇటుక కంటే మెత్తగా ఉండాలి. అరిగేది దర్జు కావాలి, ఇటుక కాకూడదు. దర్జును మళ్ళీ నింపుకోవచ్చు, ఇటుకను ఎక్కణ్ణుంచి తెస్తాం?" అన్నారాయన.

ఈ హాలుకూ తెలుగు నాటకానికీ ఉన్న చుట్టరికం కూడా చెప్పుకోదగినదే. 1891లో ధర్మవరం రామకృష్ణమాచార్యుల బళ్ళారి నాటక సమాజం ఇక్కడ ప్రదర్శనలిచ్చింది. వాటిని చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియారు అదే ఏడాది సుగుణ విలాస సభను స్థాపించారు. ఆధునిక తమిళ రంగస్థలానికి పునాది వేసిన సభకు ప్రేరణ తెలుగు నాటకమన్నమాట. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు ప్రసంగించినదీ ఇక్కడే.

మధ్యాహ్నం భోజనమయ్యాక హైకోర్టు వైపు వెళ్ళాము. అదీ చెట్టిగారి పనే, 1892లో పూర్తయింది. వైభవంలో హాలు దానికి ఏ మూలకూ చాలదు. అయినా అక్కడ గుమ్మటాలూ రంగుటద్దాలూ కంటిని లాగేసుకుంటాయి, ఇటుక వెనక్కి తగ్గుతుంది. హాలులో గోడే అలంకారం గనుక నా మొగ్గు హాలు వైపేనని చెప్పాను. మావయ్య ఒప్పుకోలేదు. హైకోర్టు పెద్ద గోపురం మీద 1894 నుంచి 1977 దాకా ఓడలకు దారి చూపే దీపం వెలిగిందని, ఇటుక గోపురం చేత అంత ఎత్తున దీపాన్ని మోయించడం ముందు వరండా కమానులు ఏపాటివని, బస్సు వచ్చేదాకా వాదిస్తూనే ఉన్నారు.