గూగుల్‌కి దొరకని పుస్తకం నెట్‌లో లేనట్టు కాదు

పాత తెలుగు పుస్తకం పేరు గూగుల్‌లో కొట్టి, ఏమీ రాకపోతే ‘నెట్‌లో లేదు’ అనేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. దయచేసి అక్కడే ఆగిపోకండి. గూగుల్ లింకులు పట్టుకుని తిరుగుతుంది, కానీ కొన్ని సైట్లలో మనం గడిలో ఏదో ఒకటి టైపు చేసి బటన్ నొక్కితే తప్ప జవాబు పేజీయే తయారవదు, ఇక దానికి లింకెక్కడిది? 2008లో గూగుల్ తనే కొన్ని ఫారాలు నింపి చూడటం మొదలుపెట్టింది గానీ ఏ గడిలో ఏ తెలుగు మాట వేయాలో దానికెలా తెలుస్తుంది! క్యాప్చా, అంటే మనం మనిషో యంత్రమో తేల్చే చిన్న పరీక్ష, ఉంటే ఇక అంతే. భూమి రికార్డులు, కోర్టు కేసుల వివరాలు చాలావరకు ఇలా ఫారాల వెనకే ఉంటాయి.

పుస్తకాల దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. పాత పుస్తకాల్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన ప్రభుత్వ ప్రాజెక్టు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. అది స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఇప్పుడు ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్నాయి. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, అదీ మనం వాట్సాప్‌లో రాసుకునే పద్ధతిలో కాదు. ‘పురాణము’ తీసుకోండి, చాలాచోట్ల అందులో ‘ణ’కి ఎన్, డి, ఒక అడ్డగీత, ఆ తర్వాత ఏ ఉంటాయి. ‘కృష్ణ’లో కె, ఆర్ పక్కన ఎక్స్. ‘ఆంధ్ర’లో సున్నాకి ఎన్, దాని పక్కన పైన కామా లాంటి గుర్తు. అన్నీ ఇలాగే ఉన్నా బాగుండేది, ఒకే పద్ధతికి అలవాటు పడేవాళ్లం, కానీ టైపు చేసినవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. రచయిత పేరు ఉండాల్సిన చోట ‘నాట్ అవైలబుల్’ అని ఉన్నవి కూడా బోలెడు.

అందుకే పూర్తి పేరు కొట్టకండి. ణ, ష, ళ, సున్నా, దీర్ఘాలు లేని ముక్క ఒకటి ఏరుకుని, ‘చరిత్ర’ లాంటిది, ఆర్కైవ్ సెర్చ్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి చివర నక్షత్రం గుర్తు పెట్టండి. చరిత్రము, చరిత్రలు అన్నీ వస్తాయి. తర్వాత భాష తెలుగు అని ఎంచుకుని, అచ్చయిన సంవత్సరం మీద వడకట్టండి. రచయిత పేరుతో వెతకడం ఆఖరి ప్రయత్నంగా పెట్టుకోండి.

కథలైతే ముందు శ్రీకాకుళం కథానిలయం వాళ్ల సైట్‌కి వెళ్లండి. కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టిన ఆ లైబ్రరీ పోగుచేసిన కథల్ని అక్కడ కథ పేరుతో, రచయిత పేరుతో వెతకొచ్చు.

ఇంకొకటి, దీని సంగతి తెలిసినవాళ్లు చాలా తక్కువ. తెలుగు వికీపీడియాలో ‘తెలుగు సమాచారం అందుబాటులోకి’ అనే ప్రాజెక్టు ఉంది. డిజిటల్ లైబ్రరీలోని పుస్తకాల పేర్లు, రచయితల పేర్లు తెలుగు లిపిలో, బార్‌కోడ్ నంబర్లతో జాబితాలుగా రాసిపెట్టారు. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి, నాకైతే వాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది. ఆ డిజిటల్ లైబ్రరీ పాత సైట్ మూతపడింది కాబట్టి అక్కడి లింకు నొక్కితే పుస్తకం తెరుచుకోకపోవచ్చు. కంగారు పడకండి. ఆ బార్‌కోడ్ నంబరు కాపీ చేసి ఆర్కైవ్ సెర్చ్‌లో వేయండి. పుస్తకం వివరాల్లో సాధారణంగా అదే నంబరు ఉంటుంది కాబట్టి, స్పెల్లింగ్ ఎలా ఉన్నా దొరికే అవకాశం ఎక్కువ.