బాపు పేరున ఉన్న లారీ: యాజమాన్య మార్పిడి అనుభవం

మా ఇంట్లో ఏ లారీ ఎవరి పేరున ఉందన్నది ఎన్నడూ చర్చకు రాలేదు. మా నాన్న (బాపు), ఆయన అన్న (పెద్దబాపు), తమ్ముడు (కాక) ముగ్గురూ కలిసి వరంగల్‌లో నడిపిన ట్రాన్స్‌పోర్టులో, లారీ కొనేనాటికి ఎవరికి ఫైనాన్సు దొరికితే వారి పేరున రిజిస్ట్రేషన్ అయ్యేది. కిరాయి మాత్రం ఒకే గల్లాపెట్టెలో పడేది. 2009లో కొన్న ఏపీ 36 నంబరు ఆరు టైర్ల లారీ ఆ విధంగానే బాపు పేరున పడింది. డౌన్ పేమెంటు పెద్దబాపు పెట్టాడు, కిస్తులు ముగ్గురి కష్టంలోంచి వెళ్లాయి. 2018 మొదట్లో బాపు కాలం చేసిన తరువాత, అన్నేళ్లు నోటిమాట మీద నడిచిన ఆ లెక్క కాగితం మీదికి రాక తప్పలేదు.

మా బండ్లకు పని ప్రధానంగా వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ చుట్టూ ఉండేది. దసరా దాటగానే పత్తి మొదలయ్యేది. జిన్నింగ్ మిల్లుల నుండి ఒక్కొక్కటి సుమారు 170 కిలోలుండే బేళ్లను తమిళనాడు స్పిన్నింగ్ మిల్లులకు చేరవేసేవాళ్లం. ఎండలు ముదిరేలోగా మిర్చి, మధ్యలో మక్కలు. పోయేటప్పటి కిరాయి డీజిలుకు, బత్తాకు, టోలుకు సరిపోయేది కనుక మిగులు అంతా రిటర్న్ లోడు మీదే ఆధారపడేది, ఆ లోడు కోసం అక్కడి బ్రోకర్లతో ఫోనులో మాట్లాడడమే బాపు అసలు ఉద్యోగం. ఆయన ఇచ్చిన మాటకు ఎవరూ రసీదు అడగలేదు.

పదకొండో రోజు కర్మ ముగిసి చుట్టాలు ఇంకా వెళ్లకముందే మా పాత గుమాస్తా నన్ను పక్కకు పిలిచి, "కొడుకా, ముందుగాల ఆర్టీఏల కాయితం ఇయ్యుండ్రి, నెల దాటితే పర్మిటుతోని తిప్పలైతది" అన్నాడు. ఆ సమయంలో ఆ మాట కటువుగా తోచింది కానీ, ఆయన చెప్పినది చట్టంలో ఉన్నదే. మోటారు వాహనాల చట్టం 82వ సెక్షన్ ప్రకారం పర్మిటుదారు మరణిస్తే, వాహనం ఎవరి అధీనంలోకి వస్తుందో వారు 30 రోజుల్లోగా ఆ సంగతిని, తాము పర్మిటును వాడుకోదలచిన సంగతిని ఆ పర్మిటు ఇచ్చిన రవాణా అధికారులకు (ఆర్టీఏకు) తెలియజేస్తే, మూడు నెలల పాటు ఆ పర్మిటు మీదే బండి నడుపుకోవచ్చు. ఆర్‌సీకి, అంటే రిజిస్ట్రేషన్ పత్రానికి, కూడా ఇదే తీరు. ఆ మూడు నెలల్లోపు పేరు మార్పిడికి ఫారం 31లో దరఖాస్తు పెట్టాలి. బీమా పాలసీ సైతం యజమాని మరణించాక మూడు నెలలు, లేదా గడువు ముగిసే వరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. అమ్మ చేత సంతకం చేయించి ఆ వారంలోనే ఉత్తరం ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నాను. తరువాతి పనులన్నిటికీ ఆ ముద్ర పడిన కాగితమే ఆధారమైంది.

మరణ ధ్రువపత్రం తేలికగానే వచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెడితే, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణ తరువాత తహసీల్దారు జారీ చేశారు.

అసలు చిక్కు ఫైనాన్సు దగ్గర వచ్చింది. అప్పు తీరి చాలా కాలమైనా ఆర్‌సీ మీద అప్పిచ్చిన ఫైనాన్సు సంస్థ పేరు అలాగే ఉంది. అది మరపు కాదు; ఇంజను పనికో టైర్లకో మళ్లీ డబ్బు అవసరమైతే అదే సంస్థ దగ్గరికి వెళ్లవచ్చునని చిన్న లారీ యజమానులు చాలామంది ఆ పేరు తీయించరు. ఈలోగా ఆ సంస్థ వరంగల్ శాఖ మూతపడింది. హైదరాబాదు ఆఫీసుకు వెళ్తే ఖాతా పాత సాఫ్ట్‌వేరులో ఉందన్నారు, మరొకసారి మరణించిన వ్యక్తి స్వయంగా రావాలన్న అర్థం వచ్చే మెయిలు పంపారు. చివరకు బాపు ఇనుప పెట్టెలో ప్రతి కిస్తు రసీదూ దొరికింది. వాటి కిందనే ఇతర రాష్ట్రాలకు లోడు తోలడానికి ఇచ్చే నేషనల్ పర్మిటుకు 2010కి ముందరి కాలం నాటి డీడీల నకళ్లు ఉన్నాయి. ఆ రోజుల్లో దేశమంతటికీ ఒకే రుసుము లేదు, సొంత రాష్ట్రంతో కలిపి కనీసం నాలుగు రాష్ట్రాలు ఎంచుకొని ఒక్కో రాష్ట్రానికి విడివిడిగా కట్టుకోవాలి. రసీదుల కట్ట బల్ల మీద పెట్టిన తరువాతే అప్పు తీరిందని తెలిపే ఫారం 35 మీద వారి సంతకం, ముద్ర పడ్డాయి. నోటిమాట మనిషి అని మేమనుకున్న బాపు ఫైనాన్సు వాళ్ల విషయంలో మాత్రం ఏనాడూ మాటను నమ్మలేదని ఆ పెట్టె చూశాకే తెలిసింది.

దరఖాస్తుకు ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర కావాలి. మా డ్రైవరన్న ఆటోనగర్‌లో బండి నిలిపి, ముందు చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఫ్రేము మీద గ్రీజు, దుమ్ము, మూడు నాలుగు పూతల రంగు కలిసి గట్టిపడిన చోటును కిరోసిన్ గుడ్డతో నానబెట్టి గరుకు కాగితంతో రుద్దాడు. అంకెలు బయటపడ్డాక పలుచని తెల్ల కాగితం ఆనించి, పెన్సిల్‌ను అడ్డంగా పట్టుకొని తేలికగా రుద్దాలి. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, కదిలితే ఎనిమిది మూడులా పడుతుంది. ఒకటి చెడితే పనికొస్తుందని ఆయన ఆరేడు ముద్రలు తీసి ఇచ్చాడు.

ఈలోగా మరొక ఇబ్బంది. పదికి మించి లారీలు లేని యజమాని పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయరు. ఆర్‌సీలో ఉన్నది బాపు పేరు, ఆయన పాన్ ఇవ్వలేము. అమ్మ పాన్ ఇస్తే లోడు ఇచ్చే పార్టీలు ఒప్పుకోలేదు. తెలిసిన బ్రోకర్ల లోడ్లు తప్ప ఆ రోజుల్లో బండికి మరేమీ దొరకలేదు.

నేను ఎక్కువగా భయపడింది ఇంట్లోని లెక్క గురించి. చట్టం దృష్టిలో బాపు వారసులు అమ్మ, నేను, ఇద్దరు అక్కలు. పెద్దబాపు డబ్బు అందులో ఉన్నదన్న సంగతి ఏ ఫారంలోనూ రాయడానికి చోటు లేదు. నేరుగా ఆయన పేరుకు మార్చే దారి లేదు: ముందు వారసురాలిగా అమ్మ పేరున ఎక్కాలి, ఆ తరువాతే ఫారం 29, 30లతో అమ్మకంగా బదిలీ చేయాలి. ఇది చెప్పగానే పెద్దబాపు, "వదినె పేరు మీదనే ఉండనియ్యి, లెక్క మన చిట్టాల రాసుకుందాం" అన్నాడు. అమ్మను ఆయన వదినె అనడం ఏమిటని అక్కలు నవ్వారు. పెండ్లికి ముందు ఆమె ఆయనకు వదినె వరుస, ఆ పాత వరుసలను ఆయన ఎన్నడూ వదలలేదు. అక్కలిద్దరూ అభ్యంతరం లేదని స్టాంపు కాగితం మీద సంతకాలు చేశారు. పాత చలానాలు, త్రైమాసిక పన్ను కట్టిన తరువాత ఆర్‌సీ, ఆ వెంట పర్మిటు, బీమా అమ్మ పేరున వచ్చాయి.

రెండు ఇరుసుల లారీకి 12 ఏళ్లు నిండితే నేషనల్ పర్మిటు ఇవ్వరు. 2021లో ఆ గడువు వచ్చినప్పుడు, జిల్లా లోపల ఇటుకలు తోలుకునే ఒకాయనకు బండి అమ్మేశాం. వచ్చిన డబ్బులోంచి ముందుగా పెద్దబాపు డౌన్ పేమెంటు తీసి ఇచ్చి, మిగిలినది చిట్టాలో రాసుకున్న ప్రకారం మూడు ఇళ్లకూ పంచాం.